వైద్యపరీక్షకు రుసుము చెల్లించిన దెవరు?

ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిన ప్రతివాని సర్వీసు పుస్తకముతోడను ఒక ఆరోగ్య ధ్రువపత్రము ముడివడి యుండును. 1922 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన ఫండమెంటల్ రూల్సులో పదవ నిబంధన, వైద్యుని ధ్రువపత్రము లేనిదే ఎవ్వరిని గాని శాశ్వతమైన ఉద్యోగమున ఖాయపరుపరాదని విధించినది. గుండె చప్పుడు వినుటయు, కంటిచూపు పరీక్షించుటయు, ఎత్తు బరువులు వ్రాసికొనుటయు ఉద్యోగ జీవితమున మొదటి తతంగములై పోయినవి. పరీక్ష ముగిసి పత్రము ఫైలులో చేరిన పిదప దానిని తలచువా రుండరు. అయితే ఈ పరీక్ష ఎవరి మేలునకై ఏర్పడినది, దాని ఖర్చు ఎవరు భరించిరి, అందు తప్పినవాని గతి ఏమయ్యెను అను మూడు ప్రశ్నలకు గల చరిత్ర చిన్నది కాదు. ఆ చరిత్ర తెలుగువారి బ్రతుకులను అనేక చోట్ల తాకినది.

యజమాని ఖర్చుతో శ్రామికునకు వైద్యపరీక్ష జరుగుట ఈనాటి సంస్కరణ యని పెక్కుమంది యనుకొందురు. అది సరికాదు. 1860 అక్టోబరులో ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు రేవు విడిచి, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. నెటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలను కొనిపోయిన మొదటి ఓడ అది. అందు తమిళులతో పాటు తెలుగువారును ఉండిరి. తరువాతి దశాబ్దములలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాల నుండి వేలకొలది జనము నెటాల్, మారిషస్, పిమ్మట ఫిజీ ద్వీపములకు వలసపోయిరి. ఓడ యెక్కక మునుపు రేవులోని డిపోలో వారికి వైద్యపరీక్ష జరిగెడిది. దుర్బలులను, రోగులను వెనుకకు పంపెడివారు. ఓడలో సైతము ఒక వైద్యుడు ఉండవలెనని నియమము గలదు. ఇందులకు కూలీవాడు కానీ చెల్లింప నక్కరలేదు. చేర్పింపు, తిండి, పరీక్ష, ప్రయాణము అన్నింటి వ్యయమును వలసరాజ్యపు ఏజంటు భరించి, తోటల యజమానుల మీద వేసెడివాడు.

ఈ ఔదార్యమునకు అర్థము తెలియుట కష్టము కాదు. సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూచువాడు ఆ ఖర్చు ఎద్దు నడుగడు గదా! కొనుగోలుదారు తన సొమ్మునకు తగిన సరకు దొరకునో లేదో చూచుకొనుచున్నాడు. ఏండ్ల తరబడి ఒప్పందమునకు కట్టుబడవలసిన దేహము పనికి ఆగునా యన్నదే అచ్చటి ప్రశ్న. కావున రుసుము యజమాని చెల్లించినంత మాత్రమున పరీక్ష శ్రామికుని మేలునకై జరిగినదని చెప్పుటకు వీలులేదు.

శ్రామికుని రక్షించుటకై పరీక్ష యను భావము ఇంగ్లండులోని బట్టల మిల్లులలో పుట్టెను. 1833 నాటి ఫ్యాక్టరీ చట్టము తొమ్మిదేండ్ల లోపు పిల్లలను మిల్లులలో పెట్టరాదని శాసించినది. అప్పటికి ఆ దేశమున జనన నమోదు లేదు. పిల్లవాని వయస్సు తేల్చు టెట్లు? ఆ వయస్సునకు తగిన సాధారణ బలమును ఆకారమును గలవాడని వైద్యుడు వ్రాసి యీయవలెను. 1837లో ఎడ్విన్ సాండర్స్ అను దంతవైద్యుడు పళ్ళను చూచి వయస్సు నిర్ణయించుటను గూర్చి ఒక పుస్తకమే ప్రకటించెను. సంతలోని పద్ధతియే బాలుని రక్షణకు సాధనమగుట వింతయే. 1844 చట్టముతో ధ్రువపత్రము లిచ్చు వైద్యులను ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు నియమించుట ఆరంభమయ్యెను.

ఇక రుసుము మాట. 1878 నాటి ఇంగ్లీషు చట్టము వైద్యునకు రుసుమును మిల్లు యజమాని చెల్లించవలెనని చెప్పినది. చెప్పి, వెంటనే ఆ రుసుమును మూడు పెన్నీలకు మించకుండ పిల్లవాని కూలిలో తగ్గించుకొన వచ్చునని అనుమతి నిచ్చినది! ఒక చేత చెల్లించి రెండవ చేత పుచ్చుకొనుట యన నిదియే. మూడు పెన్నీలు యజమానికి లెక్కలోనికి రాని సొమ్ము. పిల్లవానికి అట్లు కాదు. తనను కాపాడుటకై పుట్టిన చట్టమునకు తానే కొంత మూల్యము చెల్లించుకొనవలసి వచ్చెను.

హిందూదేశమున మొదటి ఫ్యాక్టరీ చట్టము 1881లో వచ్చెను. అది ఏడేండ్ల లోపు పిల్లలను నిషేధించినది. 1891లో ఆ వయస్సు తొమ్మిదికిని, 1922లో పండ్రెండునకును పెరిగెను. వయస్సును ధ్రువపరచుటకు ఇచ్చటను ‘సర్టిఫయింగు సర్జను’ అను పదవి యేర్పడినది. పల్లెలనుండి వచ్చిన కుటుంబములకు పిల్లల పుట్టిన తేదీలు తెలియవు. మరల పళ్ళే సాక్ష్యము. అహమ్మదాబాదు వంటి మిల్లు నగరములలో ఒకే బాలుడు రెండు ధ్రువపత్రములు సంపాదించి, ఒకే దినమున రెండు మిల్లులలో పనిచేయుచుండుట బయటపడెను. పేదరికము ముందు కాగితము ఎంత పలుచనిదో ఈ సంగతియే చెప్పుచున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, అనగా 1948లో, కొత్త ఫ్యాక్టరీల చట్టము వెలువడెను. పదునాలుగేండ్ల లోపువారికి ఫ్యాక్టరీలో ప్రవేశము లేదు. అంతకు పైబడిన బాలురును యువకులును అరువది తొమ్మిదవ సెక్షను క్రింద ఆరోగ్య ధ్రువపత్రము పొందవలెను. అది పండ్రెండు నెలలకు మించి చెల్లదు. ఆ సెక్షను చివర ఒక చిన్న వాక్యము గలదు. ధ్రువపత్రమునకు అగు రుసుమును ఫ్యాక్టరీ నిర్వాహకుడే చెల్లింపవలెననియు, దానిని ఆ యువకుని నుండి గాని, తల్లిదండ్రుల నుండి గాని, సంరక్షకుని నుండి గాని రాబట్టరాదనియు దాని భావము. శాసన రచన తెలిసినవారు ఈ వాక్యమునొద్ద ఒక క్షణము నిలువవలెను. ‘చెల్లింపవలెను’ అని మాత్రమే యుండినచో మూడు పెన్నీల కథ మరల నడచెడిది. ‘రాబట్టరాదు’ అను మాట ఆ త్రోవను మూసినది. పిల్లవాని పేరు మాత్రమే వ్రాసి ఊరకుండినచో, అదే మిల్లులో పనిచేయు తండ్రి కూలినుండి కోతపెట్టుటకు సందు దొరకెడిది. తల్లిదండ్రులను పేర్కొనుటతో ఆ సందును మూతపడినది. దీనికి రెండేండ్లు ముందుగా, 1946లో మాంట్రియల్ నగరమున అంతర్జాతీయ కార్మిక మహాసభ ఆమోదించిన డెబ్బది యేడవ ఒడంబడికయు పరీక్ష మూలమున యువకునకు గాని తల్లిదండ్రులకు గాని ఏ వ్యయమును కలుగరాదని నిర్దేశించి యుండెను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమున ఇటువంటి వాక్యమే మరల కనబడును.

అయితే ఈ రక్షణ యంతయు పిన్నవయస్కులకే. వయోజనుని సంగతి వేరు. అతనికి రుసుము కన్న పెద్ద భయము మరియొకటి గలదు.

ఆ భయమెట్టిదో కోలారు బంగారు గనుల చరిత్ర చూచిన తెలియును. మైసూరు సంస్థానములోని ఆ గనులలో ఆర్కాటు, చిత్తూరు ప్రాంతముల నుండి వెళ్ళిన తమిళ, తెలుగు కుటుంబముల వారు తరతరములుగా పనిచేసిరి. రాతిని తొలిచినపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి, మెల్లమెల్లగా వానిని గట్టిపరచి, మనిషిని ఆయాసముతో కృశింపజేయును. ఇది సిలికోసిస్ వ్యాధి. భారతదేశమున ఈ వ్యాధి మొదట వెల్లడియైనది కోలారు గనులనుండియే, 1947లో. పోయిన ఊపిరిని తిరిగి తెచ్చు మందు దీనికి లేదు. ఎక్సురే తీసి వ్యాధిని ముందుగా గుర్తించి, రోగిని ధూళినుండి తప్పించుటయే దారి. కాని ధూళినుండి తప్పించుట యనగా పనినుండి తప్పించుటయే యైనచో, ఏ గనికార్మికుడు సంతోషముతో ఎక్సురే ముందు నిలుచును? ఉచితమైన పరీక్షయే అతనికి మిక్కిలి ఖరీదైన పరీక్ష. దగ్గును దాచుకొని మరి రెండేండ్లు గనిలో దిగుటయే అతనికి లాభముగా తోచును. అతనిని మూర్ఖుడనుట న్యాయము కాదు.

ఈ చిక్కును 1952 నాటి గనుల చట్టము వెంటనే విప్పలేదు. 1983లో దానికి చేర్చిన 9-ఏ సెక్షను కొంతవరకు విప్పినది. ఆరోగ్య సర్వేకై ఎంపికయైన కార్మికుడు పరీక్షలో గడపిన కాలము పనికాలముగానే లెక్కకు వచ్చును. అనర్హుడని తేలినచో యజమాని ఖర్చుతో, పూర్తి జీతముతో చికిత్స జరుగవలెను. చికిత్స తరువాతను పాతపనికి పనికిరాక, ఆ లోపము గనిపనివలననే కలిగినదైనచో, అతడు చేయగల వేరొక పని గనిలోనే చూపవలెను. అట్టిది లేనిచో భత్యమును, అతడు విరమించుకొన్నచో ఏకమొత్తపు పరిహారమును ఈయవలెను. రుసుమెవరిదన్న ప్రశ్నకు ఇది పూర్తి సమాధానమునకు దగ్గరగా వచ్చినది. పరీక్ష యొక్క ధర వైద్యుని చీటీ ధర కాదనియు, ఆ చీటీవలన కార్మికుడు పోగొట్టుకొను జీతమును అందు భాగమేననియు చట్టము మొదటిసారి యొప్పుకొన్నది. కోలారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడినవి. అప్పటికి ఈ సెక్షను వయస్సు పదునెనిమిదేండ్లు మాత్రమే.

రైల్వేలలో ఈ కథ మరియొక విధముగ నడచినది. 1875లో స్వీడన్ దేశమున లాగర్‌లుండా వద్ద రెండు రైళ్ళు డీకొనెను. డ్రైవరునకు ఎఱుపు పచ్చ రంగుల భేదము తెలియకపోవుటయే కారణమని హోమ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞుడు వాదించి, రంగు ఉన్ని దారములతో రైల్వే సిబ్బందిని పరీక్షించెను. ఆనాటినుండి రంగుల చూపు పరీక్ష లోకమంతట రైల్వేలలో పాతుకొనిపోయెను. ఇండియన్ రైల్వేల వైద్య మాన్యువలు ‘ఏ’ తరగతివారికి నలుబదియైదేండ్ల వరకు నాలుగేండ్ల కొకమారును, అటుపై ఏబదియైదు వరకు రెండేండ్ల కొకమారును, పిమ్మట ఏటేటను పరీక్ష విధించినది. పరీక్ష రైల్వే వైద్యులే చేయుదురు. ఇందును ప్రజల ప్రాణరక్షణయే ముఖ్యోద్దేశము. డ్రైవరు మేలు తరువాతి మాట. చూపు మందగించినవానిని ఇంజను దింపుట తప్పదు. కాని దింపి ఎక్కడ నిలుపవలెను? 1995 నాటి వికలాంగుల చట్టము నలుబది యేడవ సెక్షను, ఉద్యోగ కాలమున వైకల్యము పొందినవానిని తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు శాసించెను. 2003లో కునాల్ సింగ్ కేసున సుప్రీంకోర్టు ఆ సెక్షనుకు పూర్తి బలము చేకూర్చెను. 2016 చట్టము ఆ రక్షణను కొనసాగించినది.

ఇక వైద్యుడు ఎవరివాడన్న ప్రశ్న. జీతమిచ్చువాడు యజమాని యైనపుడు వైద్యుని నాలుక కొంత బరువెక్కుట లోకసహజము. 1984 డిసెంబరు నాటి భోపాల్ ఘోరము పిమ్మట, 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు 41-సీ సెక్షను చేరెను. ప్రమాదకరమైన పనిలో పెట్టుటకు ముందును, పనిచేయుచున్నంతకాలము పండ్రెండు నెలలకు మించని వ్యవధిలోను, పని మానిన తరువాతను పరీక్ష జరుగవలెను. ఆ ఆరోగ్య పత్రములు కార్మికునకు అందుబాటులో నుండవలెను. ఈ చివరి మాట రుసుము నియమము కన్న తక్కువది కాదు. తన ఊపిరితిత్తుల బొమ్మ యజమాని బీరువాలో నుండి తనకు కనబడనిచో, ఖర్చెవరిదైన నేమి? 1995 జనవరిలో రాతినార కర్మాగారముల కేసున సుప్రీంకోర్టు, ప్రతి కార్మికుని ఆరోగ్య పత్రములను ఉద్యోగారంభము నుండి కనీసము నలుబదేండ్లు గాని, విరమణ పిమ్మట పదునైదేండ్లు గాని, ఏది ఎక్కువైన అంతకాలము భద్రపరుపవలెనని ఆదేశించెను. కొన్ని వ్యాధులు పని మానిన ఎన్నో ఏండ్లకు గాని బయటపడవు.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా ఆరోగ్య స్మృతి, ఫ్యాక్టరీలు, గనులు మొదలగు పదుమూడు చట్టములను ఒకచోట కూర్చినది. అది 2025 నవంబరు 21న అమలునకు వచ్చెను. నిర్ణీత వయస్సువారికిని తరగతులవారికిని ఏటేట వైద్యపరీక్షను యజమాని ఉచితముగా చేయింపవలెనని దాని ఆరవ సెక్షను విధించుచున్నది. నలుబదేండ్లు దాటిన కార్మికుల కందరకు ఈ పరీక్ష యని ప్రభుత్వము ప్రకటించినది. పిల్లవాని ధ్రువపత్రముతో మొదలైన నియమము నడివయస్కుని వరకు వచ్చుటకు ఇన్ని దశాబ్దములు పట్టినది.

ఇంతలో వలస మాత్రము ఆగలేదు. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫు దేశములకు పోవు కూలి, వీసా చేతికి రాకముందే ఆమోదిత కేంద్రమున వైద్యపరీక్ష చేయించుకొనవలెను. ఆ రుసుము సాధారణముగా అతడే చెల్లించును. పలువురు దానిని అప్పుతెచ్చిన సొమ్ములోనుండియే చెల్లింతురు. అనర్హుడని తేలినను అప్పు అప్పుగానే నిలుచును. ట్రూరో నెక్కినవానికి లేని ఖర్చు స్వేచ్ఛగా పోవువానికి తగిలినది. 2018 నవంబరులో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణుల సమావేశము, వైద్యపరీక్షల వ్యయమును కార్మికునిపై మోపరాని నియామక వ్యయములలో చేర్చినది. అది మార్గదర్శకమే గాని శాసనము కాదు. స్వదేశపు స్మృతి విధించిన ఉచిత పరీక్షయు ఇచ్చటి యజమాని క్రింద పనిచేయుచున్నవానికే వర్తించును. హైదరాబాదులోని పరీక్షా కేంద్రము ముందు వరుసలో నిలుచున్నవానికి ఇంకను యజమాని యేర్పడలేదు.