త్రోవ నేర్పువారికి తర్ఫీదు

చూపు పోయినవాడు కనబడితే మనం చేయి అందిస్తాము, రోడ్డు దాటిస్తాము. అది మంచి పనే. అయితే మరునాడు మనం లేనప్పుడు అతడు ఆ రోడ్డును ఎట్లు దాటవలెను? ఈ ప్రశ్నకు జాలి ఒక్కటే జవాబు చెప్పజాలదు. ఆ విద్య ఎరిగినవాడు వచ్చి నేర్పవలెను. ఆ నేర్పువానికి మొదట ఎవరు నేర్పారు, విశ్వవిద్యాలయాలలో ఆ చదువు ఎట్లు పుట్టింది, అందులో ఎవరిని చేర్చుకొని ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు అన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఈ కథ ముఖ్యంగా అమెరికా దేశంలో జరిగింది. దానిలో కతోలిక గురువు ఒకరికి పెద్ద పాత్ర ఉన్నందున మన పాఠకులకు అది ఆసక్తికరంగా ఉండగలదని తలుస్తాను.

ఆది నుండి ఈ పని చేసినవారు చాలమట్టుకు అంధులే. ఇంగ్లాండులోని బ్రైటన్ పట్టణవాసి విలియం మూన్ యౌవనంలోనే చూపు పోగొట్టుకొని, 1845లో వ్రేళ్లతో తడిమి చదువుకొనదగిన ఒక ఉబ్బెత్తు లిపిని రూపొందించాడు. దానిని నేర్పుటకు బోధకులు ఇంటింటికి వెళ్లే సంఘాలు ఏర్పడినవి. 1882లో ఆయన అమెరికా వెళ్లినప్పుడు ఫిలడెల్ఫియాలో కూడ అట్టి సంఘం వెలిసింది. ఈ గృహోపాధ్యాయులు చదువుతోపాటు అల్లికలు, ఇంటిపనులు నేర్పేవారు. వారికి పట్టాలు లేవు. చూపులేని బ్రదుకు ఎట్టిదో అనుభవించి తెలిసికొన్నదే వారి పట్టా. కాని వీధిలో ఒంటరిగా నడచుట అనే విద్య అప్పటికింకా క్రమమైన శాస్త్రంగా రూపొందలేదు.

ఆ క్రమాన్ని తెచ్చింది యుద్ధం. రెండవ ప్రపంచ యుద్ధంలో సుమారు 1,400 మంది అమెరికా సైనికులు చూపు కోల్పోయారు. వారిలో అనేకులను పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రికి చేర్చారు. అక్కడికి 1944లో రిచర్డ్ హూవర్ వచ్చాడు. సైన్యంలో చేరక ముందు ఆయన మేరీలాండ్ అంధుల పాఠశాలలో ఉపాధ్యాయుడు. అప్పటివరకు అంధుల చేతిలోని కర్ర ముసలివాని ఊతకర్రవలె పొట్టిగా, బరువుగా ఉండేది. హూవర్ తన కళ్లకు గంతలు కట్టుకొని నడచి చూచి, కర్రను రొమ్ము ఎముక వరకు వచ్చునంత పొడవుగా, తేలికగా చేయించాడు. దానిని వాడే పద్ధతిని కూడ నిర్ణయించాడు. కర్ర మొన భుజాల వెడల్పుకంటె కొంచెం ఎక్కువ మేర అటునిటు కదలవలెను. కుడికాలు ముందుకు పడినప్పుడు మొన ఎడమవైపు, ఎడమకాలు పడినప్పుడు కుడివైపు నేలను తాకవలెను. అనగా తరువాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే పరీక్షించి ఉంటుంది. చెప్పుటకు ఇది రెండు మాటల పని. వాహనాల మధ్య, మెట్ల మీద, వర్షంలో ఇది శరీరానికి అలవాటు కావలెనంటే నెలలు పడుతుంది. హూవర్ తరువాతి కాలంలో వైద్యం చదివి కంటి వైద్యుడయ్యాడు.

ఆయన పద్ధతిని నేర్చినవారిలో రస్సెల్ విలియమ్స్ ఒకడు. 1944లో ఫ్రాన్సు యుద్ధరంగంలో చూపు పోగొట్టుకొని వ్యాలీ ఫోర్జ్‌కు రోగిగా వచ్చిన ఈ సైనికుడు కోలుకొని అక్కడే సలహాదారుడయ్యాడు. 1948 జూలైలో షికాగో సమీపంలోని హైన్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో అంధుల పునరావాస కేంద్రం తెరచినప్పుడు దానికి అధిపతిగా ఆయననే నియమించారు. చూపు గల యువకులను ఎన్నుకొని, వారికి కళ్లకు గంతలు కట్టించి, వారు ఇతరులకు నేర్పగలిగేంత వరకు వదలకుండా తర్ఫీదు ఇచ్చిన కేంద్రమది. ఈ వృత్తికి మొదటి బడి అదేనని చెప్పవచ్చు. ఆ బడికి పెద్ద అంధుడన్న సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను, ఇకముందు ఆ సంగతితో పని పడుతుంది.

ఇక ఫాదర్ థామస్ కారల్. బోస్టన్ మేత్రాసనానికి చెందిన ఈ గురువు యుద్ధకాలంలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఏవన్‌లో అంధ సైనికుల కేంద్రంలో ఆత్మీయ పరిచర్య చేశాడు. అక్కడ చూచిన దానిని ఆయన సైనికులకే పరిమితం కానీయలేదు. యుద్ధంలో కన్ను పోయినవానికి ప్రభుత్వం ఉంది, మరి మధుమేహం వల్లనో నీటికాసుల వల్లనో చూపు పోయిన గుమాస్తాకు, గృహిణికి ఎవరున్నారు? 1954లో న్యూటన్ పట్టణంలో సెయింట్ పాల్స్ పునరావాస కేంద్రం ఆయన ఆధ్వర్యంలో వెలిసింది. పెద్దవయస్సులో చూపు పోయిన సామాన్యులకు అది శిక్షణ ఇచ్చేది. 1961లో అంధత్వాన్ని గూర్చి ఆయన గ్రంథం వెలువడింది. చూపుతోపాటు మనిషి పోగొట్టుకొనేవాటిని ఆయన ఇరువదిగా లెక్కించాడు. నడక, ఉద్యోగం, వ్రాతకోతలు ఎవరైనా ఊహించగలరు. కాని గుంపులో ఎవరి కంటా పడకుండా ఉండగల హాయి కూడ పోతుందని ఆయన వ్రాశాడు. చూపులేనివాడు ఎక్కడికి పోయినా పదిమంది అతనినే చూస్తారు. మన తిరునాళ్లలో, పెండ్లి పందిళ్లలో ఈ సంగతి ఎంత నిజమో ఆలోచించండి.

ఇట్లు ఇరువది విధాల పోయిన దానిని తిరిగి నిలబెట్టేవాడు కర్ర పట్టుకొనుట మాత్రమే తెలిసినవాడైతే చాలునా? 1959లో అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ సంస్థ న్యూయార్కులో పిలిచిన సమావేశం దీనినే చర్చించింది. ఈ బోధకునికి డిగ్రీ పైన ఒక సంవత్సరం విశ్వవిద్యాలయ శిక్షణ అవసరమని తేల్చారు. సంక్షిప్త శిక్షణ చాలదన్నారు. తప్పు నేర్పితే శిష్యుని ప్రాణానికే ముప్పు గదా! ఫెడరల్ ప్రభుత్వంలోని వృత్తి పునరావాస శాఖకు అధిపతియైన మేరీ స్విట్జర్ ధనసహాయం చేయించింది. 1960లో యేసుసభ గురువుల బోస్టన్ కాలేజీలో మొదటి స్నాతకోత్తర తరగతి ప్రారంభమైంది. 1961లో కలమజూ పట్టణంలోని వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బ్లాష్ నాయకత్వాన రెండవది వచ్చింది. అక్కడే 1963లో గృహోపాధ్యాయులకు కూడ స్నాతకోత్తర శిక్షణ పెట్టారు.

ఆ తరగతులలో నేర్పేది ఏమిటి? కంటి నిర్మాణం, కంటి జబ్బులు, వినికిడి, మనస్తత్వ శాస్త్రం పుస్తకాలలో చదువుతారు. అసలు చదువు వీధిలో. విద్యార్థి గంతలు కట్టుకొని గంటల తరబడి కర్రతో నడవాలి, దుకాణం వెదకాలి, బస్సు ఎక్కాలి, దారి తప్పి మరల తానే దారి కనుగొనాలి. కూడలిలో తన ప్రక్కగా అదే దిక్కున పోయే వాహనాలు కదిలిన చప్పుడును విని, ఆ కదలికతోనే రోడ్డు దాటడం నేర్చుకోవాలి. పిదప అనుభవజ్ఞుని పర్యవేక్షణలో నిజమైన శిష్యులకు నేర్పాలి. అన్నిటికంటె కష్టమైన పాఠం మాట్లాడకుండా నిలబడుట. శిష్యుడు పొరబాటున స్తంభంవైపు పోతుంటే ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు కర్రనే చెప్పనివ్వాలో తెలియాలి. తొందరపడి చేయి పట్టుకొనే బోధకుడు దయామయుడే గాని అతని వలన నడక రాదు.

ఇంత మంచి ఏర్పాటులో ఒక ముల్లు ఉంది. నడక నేర్పే బోధకుడు చూపు గలవాడై ఉండవలెనని ఆ తొలి నియమాలు కోరినవి. దూరం నుండి ప్రమాదాన్ని చూడలేనివాడు శిష్యుని ఎట్లు కాపాడునని వారి వాదం. గృహోపాధ్యాయుల తరగతిలో అంధులకు చోటున్నది, నడక తరగతిలో లేదు. హైన్స్ కేంద్రాన్ని నడిపిన విలియమ్స్ కూడ ఈ నియమం ప్రకారం బోధకుడుగా పనికిరాడు! గ్రుడ్డివాడు గ్రుడ్డివానికి త్రోవ చూపుట అనే మాటను మనం ప్రసంగాలలో తరచు వాడుతుంటాము. అది పరిసయ్యుల బోధను గూర్చి చెప్పబడిన మాట, కంటిచూపును గూర్చి కాదు. ఈ విషయంలో దానిని ప్రయోగించువారు వాక్యానికీ అంధులకూ కూడ అన్యాయం చేసినవారవుతారు.

అంధుల జాతీయ సమాఖ్య నాయకుడు కెన్నెత్ జెర్నిగన్ పుట్టు అంధుడు. అంధత్వాన్ని ఒక విధమైన మరణంగా వర్ణించిన ఫాదర్ కారల్ భావాన్నే ఆయన ఎదిరించాడు. అది మనిషికుండే అనేక లక్షణాలలో ఒకటి మాత్రమేనని ఆయన వాదన. నా మట్టుకు, నడివయస్సులో చూపు పోయిన మొదటి సంవత్సరాన్ని గూర్చి కారల్ చెప్పినది సత్యమని, ఆ తరువాతి ముప్పై సంవత్సరాలను గూర్చి జెర్నిగన్ చెప్పినది సత్యమని తోస్తుంది. 1970వ దశకం చివర ఫ్రెడ్ ష్రోడర్ అనే అంధ యువకుడు సాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ నడక బోధన చదువు పూర్తిచేసినా వృత్తి సంఘం ధ్రువపత్రం నిరాకరించింది. 1994లో అదే వ్యక్తి అమెరికా ప్రభుత్వ పునరావాస సేవల శాఖకు కమిషనర్ అయ్యాడు. 1990వ దశకంలో లూసియానా టెక్ విశ్వవిద్యాలయం అంధులను, చూపు గలవారిని సమానంగా చేర్చుకొనే స్నాతకోత్తర శిక్షణను ప్రారంభించింది.

మన దేశంలో కూడ యుద్ధమే ఈ తలుపు తీసింది. 1943లో దేహ్రాదూన్‌లో భారత అంధ సైనికుల కొరకు ఏర్పడిన సెయింట్ డన్‌స్టన్స్ కేంద్రాన్ని నడిపినవాడు సర్ క్లూథా మెకెంజీ. గలిపోలి యుద్ధంలో కన్నులు పోయిన న్యూజీలాండ్ దేశీయుడాయన. 1950లో అక్కడే పెద్దవయస్సు అంధుల శిక్షణ కేంద్రం వెలిసింది. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టం చేసి, నమోదైన అర్హత లేనివారు ఈ వృత్తి చేయరాదన్నది. అయితే మన శిక్షణ ఎక్కువగా ప్రత్యేక పాఠశాలల ఉపాధ్యాయుల డిప్లొమాలతో, బి.ఎడ్. పట్టాలతో ముడిపడి సాగింది. బడి ఈడు పిల్లవానికి దాని ఫలం అందుతుంది. నలభై అయిదవ ఏట చూపు పోయిన రైతు ఏ బడిలో చేరగలడు? గట్ల మీద, కాలిబాట లేని సందులలో, గేదెలకు, ఎడ్లబండ్లకు, ఆటోలకు నడుమ కర్రతో నడచుట అతనికి నేర్పవలసినవాడు, మూన్ కాలపు గృహోపాధ్యాయులవలె, అతని ఇంటికే రావలసి ఉంటుంది.