గగనయానములో తరగతులు

మన పెద్ద రైలు స్టేషనులలో మొదటి తరగతి వారి వెయిటింగు రూము తలుపును చూడని వారు అరుదు. లోపల నాలుగు పడకకుర్చీలు, గోడకు ఒక నిలువుటద్దము, మూలగా ఒక మంచినీళ్ల కూజా. బయట ప్లాట్‌ఫారము మీద మూటలను ఆనుకొని కూర్చున్న జనము. బండి వచ్చిన తరువాత మొదటి తరగతి వారు, మూడవ తరగతి వారు ఒకే ఇంజను వెనుక, ఒకే సమయమునకు ఊరు చేరేవారు. ఆలస్యమైతే అందరికీ ఒకటే ఆలస్యము. అయినను ఆ తలుపు ఉన్నది. దానిని చూచి ఎవరును ఆశ్చర్యపడలేదు.

ఆ తలుపే నేడు విమానాశ్రయమునకు తరలివచ్చి "లాంజి" అని పేరు పెట్టుకొన్నది. ఆ మొదటి తరగతి పెట్టె విమానము ముందుభాగమున "బిజినెస్ క్లాసు" అయినది. సముద్రములు దాటి పది పన్నెండు గంటలు పోయే ప్రయాణములో వీటి ఉపయోగము సులభముగా బోధపడుతుంది. అక్కడ మనిషి నిద్రపోవలెను. కాని గంట, రెండు గంటలలో ముగిసే ప్రయాణమునకు ఈ ఏర్పాట్లు ఎందుకు వచ్చినవి? అధిక మూల్యము చెల్లించిన వానికి నిజముగా దక్కుతున్నది ఏమిటి? ఇవాళ మన మధ్యతరగతి కుటుంబములలో కూడా, ముఖ్యముగా ముసలి తలిదండ్రులను విమానము ఎక్కించే సందర్భములో, ఈ ప్రశ్న ఎదురవుతున్నది. దీనికి సమాధానము చరిత్రలో కొంత దొరుకుతుంది.

1919 ఆగస్టు 25వ తేదీన లండను నుండి పారిసుకు ప్రతిదిన విమానయానము ఆరంభమైనది. ఆనాటి మొదటి విమానములో ప్రయాణికుడు ఒక్కడే. ఆయన ఒక పత్రికా విలేఖరి. ఆయనకు తోడుగా వెళ్లినవి కొంత తోలు, కొన్ని వేటపక్షులు, కొన్ని మీగడ జాడీలు. అక్కడ తరగతి భేదమునకు తావు లేదు, ఎగిరినవాడే గొప్పవాడు. ఆ సంవత్సరమే అక్టోబరులో అదే మార్గములో మరొక సంస్థ మూడు షిల్లింగులకు భోజనపు పెట్టెను అమ్మనారంభించినది. ఆకాశములో ప్రయాణికునికి స్థలము గాక మరొక వస్తువును అమ్ముట ఇదే మొదలని చెప్పుదురు.

1927లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు ఆ మార్గమునే "సిల్వర్ వింగ్" అను పేర కొత్త సర్వీసును ప్రవేశపెట్టినారు. వారి ఆర్గోసీ విమానములో 20 కుర్చీలు పట్టేవి. అందులో రెండింటిని తొలగించి, ఆ చోట ఒక చిన్న పానీయశాలను అమర్చి, వడ్డనకు ఒక స్టూవర్డును నియమించినారు. ప్రయాణము సుమారు రెండున్నర గంటలు. అనగా నేడు హైదరాబాదు నుండి ఢిల్లీకి పట్టే కాలమునకు కొంచెము ఎక్కువ. కొద్దిపాటి దూరపు విమానములో హోదాను అమ్మవచ్చునని, దానికై రెండు కుర్చీల ఆదాయమును వదలుకొన్నను గిట్టుబాటవుతుందని లెక్క వేసిన తొలి సంస్థలలో ఇది ఒకటి. ఈ లెక్కను మనము గుర్తుంచుకొనవలెను. తరువాతి కథ అంతయు దీని విస్తరణమే.

మన దేశములో కథ మరొక విధముగా నడిచినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి చిన్న పస్‌మాత్ విమానమును నడిపినప్పుడు ముఖ్యప్రయాణికుడు తపాలా సంచి. ఆ సర్వీసు బొంబాయి నుండి బళ్లారి మీదుగా మదరాసుకు సాగినది. 1945లో స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్ మన బేగంపేట నుండి డకోటాలను నడిపినది. 1949లో ఆరంభమైన రాత్రి తపాలా సర్వీసులో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసుల నుండి బయలుదేరిన విమానములు అర్ధరాత్రి నాగపూరులో కలిసేవి. అక్కడ ఉత్తరములు, ప్రయాణికులు కూడా విమానములు మారి, తెల్లవారేసరికి ఎవరి ఊరు వారు చేరుకొనేవారు. 1953లో ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పరచినారు. 1957లో వైకౌంటు విమానములు వచ్చి ప్రయాణకాలమును తగ్గించినవి. ఆ దినములలో విమానము ఎక్కుటయే ఒక తరగతి. రైలులో ఉన్న మెట్లన్నిటికి పైన ఉన్న మెట్టు అది.

విదేశములలో మార్పు మరొక దిక్కు నుండి వచ్చినది. 1952లో అట్లాంటిక్ మీద టూరిస్టు తరగతిని, 1958లో ఎకానమీ తరగతిని ప్రవేశపెట్టినారు. ఛార్జీలు తగ్గినవి, జనము పెరిగినది. 1970 తరువాత పెద్ద విమానములు వచ్చి, ఖాళీ కుర్చీలను నింపుటకు రాయితీ టిక్కెట్లు వెల్లువయినవి. అప్పుడొక విచిత్రమైన ఫిర్యాదు పుట్టినది. ఒకడు నెల ముందుగా కొని తక్కువ ధర చెల్లించినాడు. ప్రక్కవాడు పని తగిలి నిన్ననే కొని పూర్తి ధర చెల్లించినాడు. ఇద్దరికీ అదే కుర్చీ, అదే తేనీరు. పూర్తి ధర చెల్లించినవాడు వ్యాపార నిమిత్తము నెలకు నాలుగు మారులు తిరిగేవాడు. అట్టివానికి కోపము వస్తే సంస్థకు దండిగా నష్టము.

ఈ కోపమును చల్లార్చుటకు 1976లో డచ్చివారి కె.ఎల్.ఎమ్. సంస్థ పూర్తి ధర చెల్లించినవారిని ఎకానమీ భాగములోనే ముందువరుసలలో కూర్చుండబెట్టినది. తరువాత రెండు మూడేండ్లలో పాన్ అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఆస్ట్రేలియా వారి క్వాంటస్ మొదలైన సంస్థలు ఈ వర్గమునకు వేరు పేర్లు, వేరు గదులు కల్పించినవి. ఈ విధముగా చూస్తే బిజినెస్ క్లాసు విలాసము నుండి పుట్టినది కాదు. న్యాయము జరుగలేదన్న ఫిర్యాదు నుండి పుట్టినది.

కొద్దిదూరపు ప్రయాణములలో ఈ ఆలోచనను పరాకాష్ఠకు తెచ్చినవాడు యాన్ కార్ల్‌జన్. 1981లో ఆయన స్కాండినేవియా దేశముల ఉమ్మడి సంస్థ అయిన ఎస్.ఎ.ఎస్.కు అధిపతియైనప్పుడు అది నష్టములలో ఉన్నది. ఆయన ఐరోపా మార్గములలో మొదటి తరగతిని తీసివేసి, పూర్తి ఎకానమీ ధరకే "యూరోక్లాస్" అను తరగతిని ఏర్పరచినాడు. ప్రత్యేక కౌంటరు, లాంజి, మెరుగైన భోజనము, వేళకు బయలుదేరే విమానము — ఇవి ఆయన ఇచ్చిన వాగ్దానములు. సంస్థ త్వరలోనే లాభములలోనికి వచ్చినది. ఇతరులు అనుసరించినారు.

అయితే రెండు భాగములను వేరుచేసేది ఏమిటి? గోడ కాదు, జరుపుటకు వీలైన ఒక తెర. సోమవారము ఉదయము వ్యాపారులు ఎక్కువ, తెరను వెనుకకు జరుపుతారు. ఆదివారము కుటుంబములు ఎక్కువ, తెరను ముందుకు లాగుతారు. ఒక కాలమున కొన్ని ఐరోపా సంస్థలు మార్పు చెందే కుర్చీలను కూడ వాడినవి. మూడు కుర్చీల వరుసలో మధ్యదానిని ఇరుకు చేస్తే ఇరుప్రక్కలవి కొంచెము వెడల్పయ్యేవి. క్రమముగా ఆ శ్రమ కూడ మానివేసి, మధ్య కుర్చీని ఖాళీగా విడిచి, దానిపై ఒక చిన్న బల్లను అమర్చుటతో సరిపెట్టుకొన్నారు. అందుచేత ఐరోపాలో కొద్దిదూరపు బిజినెస్ క్లాసు కొన్న మనవారు ఆశాభంగము చెందుట సహజము. చాలా సంస్థలలో అది వెనుకనున్న కుర్చీయే. ప్రక్కన మనిషి ఉండడు, అంతే.

మన దేశములో పద్ధతి వేరు. 1993లో ప్రైవేటు సంస్థలు రంగములోనికి వచ్చినప్పుడు, 1994లో పాత గుత్తాధిపత్యపు చట్టము రద్దయినప్పుడు, పోటీ ప్రధానముగా ముందు కుర్చీలపైననే జరిగినది. ఇక్కడ, అమెరికాలో వలెనే, వరుసకు ఆరుకు బదులు నాలుగు వెడల్పు కుర్చీలు. నేడు ఎయిర్ ఇండియా వారి కొన్ని ఎ-320 నియో విమానములలో 164 కుర్చీలుండగా, అందులో బిజినెస్ క్లాసువి 8 మాత్రమే. చవకధరల సంస్థగా 2006లో ఆరంభమైన ఇండిగో సైతము 2024 నవంబరులో ఢిల్లీ–ముంబయి మార్గమున 12 వెడల్పు కుర్చీలను ప్రవేశపెట్టినది. కడప వంటి చిన్న విమానాశ్రయములకు నడిచే ఎ.టి.ఆర్. విమానములలో మాత్రము సామాన్యముగా ఈ భేదము కనబడదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవచ్చును. ఆరుగురి చోట నలుగురు. అనగా వెడల్పులో ఒకటిన్నర రెట్లు. వరుసకు వరుసకు దూరము వెనుక 30 అంగుళములైతే ముందు 40 దాకా ఉండును. అది ఒకటింట మూడవ వంతు అధికము. రెంటిని గుణిస్తే రెండు. కాబట్టి టిక్కెట్టు ధర రెట్టింపు వరకు ఆ స్థలమునకు అద్దె అనుకొనవచ్చును. మూడింతలు, నాలుగింతలు అయినప్పుడు మిగిలినది దేనికి చెల్లిస్తున్నామో తెలుసుకొనవలెను. పైగా 2025 సెప్టెంబరు 22 నుండి ఈ తరగతిపై జి.ఎస్.టి. 18 శాతము, ఎకానమీపై 5 శాతమే.

ఇక లాంజి. 1939లో న్యూయార్కు లాగార్డియా విమానాశ్రయమున అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు "అడ్మిరల్స్ క్లబ్" తెరచినారు. విమాన సంస్థల లాంజీలకు అదే ఆదిమమని ప్రసిద్ధి. అందులో ప్రవేశము డబ్బుతో లభించేది కాదు, సంస్థవారు ఆహ్వానించవలెను. అందరూ ఒకే టిక్కెట్టు కొన్నప్పుడు కొందరికే తలుపు తెరచుట పక్షపాతమని కాలక్రమమున ఫిర్యాదులు వచ్చి, 1970 తరువాతి దశకములో అది చందా చెల్లించినవారి క్లబ్ అయినది. నేడు మన దేశములో బ్యాంకు కార్డు చూపినవారికి అనేక లాంజీల తలుపులు తెరచుకొంటున్నవి. ఫలితముగా రద్దీ వేళలలో ఆ తలుపు ముందే వరుసలు. ఏకాంతమును అందరికీ పంచిపెట్టబోతే అది ఏకాంతముగా మిగులలేదు.

అయినను కొద్దిదూరపు ప్రయాణములో కుర్చీ కంటె లాంజియే ఒక్కొక్కప్పుడు విలువైనదని చెప్పక తప్పదు. హైదరాబాదు–ఢిల్లీ ప్రయాణము రెండు గంటలు. ఇంటి నుండి శంషాబాదు చేరుట, తనిఖీలు, నిరీక్షణ — ఇవన్నియు కలిపితే నేలపై గడిచే కాలమే అధికము. మంచు వలన విమానము మూడు గంటలు ఆగిన నాడు, ఒక మెత్తని కుర్చీ, వేడి ఇడ్లీ, శుభ్రమైన స్నానపు గది దొరికితే అది భాగ్యమే. తలుపులు మూసే వేళకు పరుగెత్తి చేరేవానికి లాంజి ఉన్నను లేనట్టే.

ఒక అనుభవము చెప్పి ముగిస్తాము. కొంతకాలము క్రింద మేము ఒక వృద్ధ పండితుని సభ నిమిత్తము ఢిల్లీకి తోడ్కొనిపోయినాము. ఆయనకు మోకాళ్ల నొప్పి. ఆయనకు ముందుభాగములోను, మాకు వెనుక ఇరువదవ వరుసలోను స్థలము. దారిపొడుగునా ఆ తెర మామధ్య ఉన్నది. దిగిన తరువాత "ప్రయాణము సుఖముగా జరిగినదా, అయ్యవారూ?" అని అడిగినాము. ఆయన నవ్వి, "కాళ్లకు చోటు దొరికినదోయి, మాటకు మనిషి దొరకలేదు. తిరిగి వచ్చేటప్పుడు నీ ప్రక్కనే కూర్చుంటాను, నడవ వైపు ఇప్పించు" అన్నారు. తిరుగు ప్రయాణములో అట్లే చేసినాము. ఆయన మోకాలు నడవలోనికి చాచుకొని, రెండు గంటలు చిన్ననాటి ముచ్చట్లు చెప్పినారు. దిగేటప్పుడు మాత్రము లేచి నిలబడుటకు ఆయనకు మా భుజము కావలసి వచ్చినది.

ఆ రెండు ప్రయాణములలో ఏది మేలైనదో మేము ఈనాటికీ తేల్చుకొనలేకున్నాము. మోకాలి బాధ నిజము. ముచ్చట కూడా నిజము. ముదిమి, అనారోగ్యము, దిగిన వెంటనే చేయవలసిన ముఖ్యకార్యము — ఇట్టి కారణములున్నప్పుడు ముందు కుర్చీ కొనుట దుబారా కాదు. కేవలము ఆ తెరకు ముందువైపున ఉండుటకే అయితే, రెండు గంటలలో తెర తొలగును, అందరూ ఒకే నేల మీద దిగుదురు. సామాను కొరకు ఒకే చోట నిలబడుదురు. ఈ సంగతి ఎరిగి కొన్నవానికి ఏ తరగతిలోను ఆశాభంగము ఉండదు.