మేక్ చేంజెస్ (ఇంగ్లీషు పదబంధం)

రాతలోనో, ఏర్పాటులోనో, వస్తువులోనో మార్పులు చేయడాన్ని ఇంగ్లీషులో ‘మేక్ చేంజెస్’ అంటారు. మేక్ రివిజన్స్, మేక్ కరెక్షన్స్ కూడా ఇదే తీరున నడుస్తాయి. వీటికి కుదిరే క్రియ ‘మేక్’, ‘డూ’ కాదు. దేన్ని మారుస్తున్నామో దాని ముందు చాలావరకు ‘టు’, కొన్నిచోట్ల ‘ఇన్’ వస్తాయి.

క్రియ

తెలుగులో పని చేసినా, వంట చేసినా, మార్పు చేసినా క్రియ ఒక్కటే. అందుకే ‘డూ చేంజెస్’ అనే మాట సులువుగా నోటికొస్తుంది. ముంబయి తెలుగువారికి ఈ అలవాటు మరింత బలపడే వీలుంది. నిజాం ఏలుబడిలోని ఊళ్ల నుంచి కట్టుబడి పనులకు అక్కడికి వెళ్లిన తెలుగు కూలీలైన కామాఠీల పేరే ఆ నగరంలోని కామాఠీపురకు వచ్చింది. అదే నగరంలోని వర్లిలో, బీడీడీ చాళ్లనే ఒంటిగది ఇళ్ల సముదాయాల్లోనూ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. గడప దాటితే వినిపించేవి మరాఠీ, హిందీ. మరాఠీలో ‘బదల్ కరణే’, హిందీలో ‘బదలావ్ కర్నా’: రెండింటా ‘చేయు’ లాంటి క్రియే.

టు, ఇన్

ఈ రెండింటి తేడాకు ఆ వర్లి చాళ్లనే ఉదాహరణగా తీసుకుందాం. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) కట్టిన ఆ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. పునర్నిర్మాణంలో దాని బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తున్నారు. ఆ ఫ్లాటు ప్లానును ఎవరైనా దిద్దితే ‘మేక్ చేంజెస్ టు ద ప్లాన్’. 160 నుంచి 500కు పెరగడం ‘చేంజ్ ఇన్ ఏరియా’. అంటే, పనిగట్టుకుని సవరించేదానికి ‘టు’, కనిపించే తేడాకు ‘ఇన్’ అన్నది స్థూలమైన లెక్క.

‘ప్లానులో మార్పులు’ అనే తెలుగు అలవాటుతో ‘మేక్ చేంజెస్ ఇన్’ అన్నా తప్పు పట్టలేం. భారత రాజ్యాంగం 368వ అధికరణ కూడా సవరణల విషయంలో ‘మేక్ ఎనీ చేంజ్ ఇన్’ అనే అంటుంది. ‘ఆన్’ మాత్రం ఇక్కడ నప్పదు.

పొరపడే మాటలు

చట్టానికో నియమావళికో సవరణ తెస్తే ‘మేక్ అమెండ్‌మెంట్స్’. ‘మేక్ అమెండ్స్’ వేరు: చేసిన తప్పుకు పరిహారం చెల్లించుకోవడం. ‘డూ రివిజన్’ అంటే పరీక్షల ముందు పాఠాలు తిరగేయడం.

‘రివైజ్’, ‘చేంజ్’ తామే క్రియలైనప్పుడు టు, ఇన్ అక్కర్లేదు. ‘రివైజ్ ద ప్లాన్’ అంటే చాలు.