సెలెక్టర్ల చూపు ఆంధ్ర వైపు తిరిగిందెప్పుడు?

నరసరావుపేట, మాచర్ల, గురజాల గ్రౌండ్లలో సాయంత్రం ఆట ముగిశాక ఇండియా టీమ్ సెలక్షన్ మీద చర్చ మొదలైతే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘‘మనోళ్లని ఎవరు చూస్తారన్నా? అంతా బొంబాయి, మద్రాసు, బెంగళూరు వాళ్లదే’’. ఈ గోడు ఒక్క పల్నాడుదే కాదు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌లో చేరబోయే హైస్కూలు కుర్రాళ్లకు ఆటను అంచనా వేసి అయిదు దాకా స్టార్లు ఇస్తారు. ఆట అదే అయినా, పెద్ద యూనివర్సిటీ కబురు పెట్టగానే కుర్రాడి స్టార్లు పెరుగుతాయని అక్కడి అభిమానుల పాత ఫిర్యాదు.

మన లెక్క తీద్దాం. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది 1953-54లో. ఆ సీజన్‌లో సాక్షాత్తూ సి.కె.నాయుడు, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఆంధ్రకు ఆడాడు. అదే జట్టు వికెట్‌కీపర్, గుంటూరు వాడు ఎమ్మెస్కే ప్రసాద్ ఇండియాకు ఆడింది 1998లో. మధ్యలో నలభై అయిదేళ్లు!

అన్నేళ్లూ మనకు ఆటగాళ్లే లేరా? అసలు సంగతి పోటీల ఏర్పాటులో ఉంది. 2002 దాకా రంజీ జోన్ల వారీగా సాగేది. సౌత్ జోన్‌లో కర్ణాటక, తమిళనాడు, హైదరాబాద్‌లతో తలపడి ఆంధ్ర వెనకబడితే సీజన్ అక్కడితో సరి. నాకౌట్‌కు వెళ్లిన జట్ల కుర్రాళ్లకు ఇంకా మ్యాచ్‌లు, ఇంకా పరుగులు, చూసే కళ్లూ ఎక్కువ. జోన్ జట్లు తలపడే దులీప్ ట్రోఫీ, 1961-62లో మొదలైంది, రెండో జల్లెడ. జోన్‌కొకరు చొప్పున సెలెక్టర్లు. ఆ కుర్చీ ఎక్కువగా మాజీ అంతర్జాతీయ ఆటగాళ్లదే. ఇండియాకు ఆడినవాళ్లే కరువైన క్రికెట్ సంఘం సెలెక్టర్‌ను ఎక్కడి నుంచి తెస్తుంది? ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు, ఈ చక్రం దానంతటదే తిరుగుతుంది.

ఆ కుర్చీలోకీ 2015లో ఎమ్మెస్కేనే వచ్చాడు. మరుసటి ఏడాది చీఫ్ సెలెక్టర్. ఆరు టెస్టులాడినవాడు కోహ్లీని ఎంచడమేమిటని ఎగతాళి. 2018లో ఓవల్‌లో ఆంధ్ర బ్యాటర్ హనుమ విహారి టెస్టు క్యాప్ అందుకోగానే ‘సొంతూరి అభిమానం’ అన్నారు. అప్పటికి విహారి ఫస్ట్‌క్లాస్ సగటు దాదాపు 60 అన్నది ఎవరికి పట్టింది? సొంతూరి అభిమానమే నిజమైతే 2019 ఏప్రిల్ 15న ఏం జరిగింది? గుంటూరులో పుట్టిన అంబటి రాయుడిని ప్రపంచకప్ జట్టులోంచి తప్పించింది ఆ గుంటూరాయన కమిటీయే. బదులుగా తీసుకున్న విజయ్ శంకర్ మూడు రకాలుగా (‘త్రీ డైమెన్షన్స్’) పనికొస్తాడన్నారు. త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు చేసిన ట్వీట్ ఇప్పటికీ నవ్విస్తుంది. 55 వన్డేల్లో 47 సగటు ఉన్నవాణ్ని కాదనడం నా దృష్టిలో పొరపాటే; పక్షపాతం మాత్రం కాదు.

కె.ఎస్.భరత్ 2015లో పక్కనే ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో వికెట్‌కీపర్ ట్రిపుల్ సెంచరీ అదే మొదటిది. టెస్టు క్యాప్ వచ్చింది 2023లో. కీపర్లలో సాహా, పంత్ ముందున్నారు నిజమే. అయినా ఆ 308 వాంఖడేలో కొట్టి ఉంటే?

ఇప్పుడు టీవీ ఆ చక్రాన్ని కొంత విరిచింది. విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డిని దేశమంతా మొదట గమనించింది ఐపీఎల్‌లో; 2024 డిసెంబరుకల్లా మెల్‌బోర్న్‌లో సెంచరీ. మాచర్ల కుర్రాడు ఆ కెమెరా దాకా చేరాలంటే మాత్రం ముందు జిల్లా సెలక్షన్స్ గట్టెక్కాలి. పల్నాడు విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లోనే. అంతకుముందు వాడి జిల్లా కేంద్రం గుంటూరు, అంటే వంద కిలోమీటర్ల పైమాటే.