కుండీలో బిగోనియా: తళవాయిపురం ఎండకు ఏది నిలుస్తుంది?

కొడైకెనాల్ వెళ్లినవాళ్లు తిరుగుదారిలో ఒక బిగోనియా కుండీ కొనుక్కురావడం మన ఇళ్లలో మామూలే. కొండమీద కళకళలాడిన మొక్క తళవాయిపురం చేరిన కొద్దిరోజులకే మెత్తబడి కూలిపోతుంది. మన చేతివాటం బాగాలేదని నొచ్చుకోనక్కర్లేదు. కొడైకెనాల్ రెండువేల మీటర్లకు పైన ఉన్న ఊరు. గులాబీలంత పూలు పూసే దుంప బిగోనియాకు ఆ చల్లని రాత్రులే ప్రాణం. మన ఊళ్లో దానికి డబ్బు తగలెయ్యకండి.

బిగోనియాల్లో రెండువేలకు పైగా జాతులున్నాయి. కణుపులతో వెదురులా నిటారుగా పెరిగి, చుక్కల ఆకులతో, వేలాడే పూగుత్తులతో ఉండే రకం మనకు అన్నిటికన్నా గట్టిది. ఆకులు మైనం పూసినట్టు మెరిసే పొట్టి రకం ఐప్పసి నుంచి మాసి దాకా బాగా పూస్తుంది, కత్తిరి ఎండలు దాటడం మాత్రం కష్టం. ఆకు అందానికే పెంచే రెక్స్ అస్సాం వైపు నుంచి వచ్చింది. గాలిలో తేమ కావాలి కనుక నీళ్లతొట్టి పక్కన నీడలో పెట్టండి.

తూర్పు వాకిలి మంచిది. పొద్దుటెండ తొమ్మిదింటి దాకా తగిలితే చాలు. పడమటి గోడ పక్కన, మిద్దె మీద వద్దు.

కరిసల్ మట్టి అసలు పనికిరాదు. తడిస్తే ముద్దయిపోతుంది, ఎండితే బీటలిస్తుంది. ఎర్రమట్టి, బాగా మాగిన ఆకుఎరువు, రెండుమూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి, కొంచెం ముతక ఇసుక వెయ్యండి. కుండీ మట్టిదే కావాలి, లోతు తక్కువగా, అడుగున చిల్లుతో.

ఎక్కువ మొక్కలు చచ్చేది ఎండతో కాదు, నీళ్లతో. మధ్యాహ్నం ఆకులు వాలగానే జాలిపడి చెంబుడు పోస్తాం. ముందు వేలు మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే పొయ్యాలి. మట్టి తడిగా ఉండి కూడా ఆకు వాలిందంటే వేరు కుళ్లుతోందన్నమాట, అప్పుడు పోసే ప్రతి చెంబూ దాన్ని ఇంకా చంపుతుంది. వెంటనే పైనున్న గట్టి కొమ్మను కణుపు కింద కోసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచండి. తల్లి పోయినా పిల్ల దక్కుతుంది. రెక్స్‌కయితే ఆకు చాలు: వెనకవైపు పెద్ద ఈనెలు అక్కడక్కడ కోసి, తడి కొబ్బరిపొట్టు మీద అణిచి పెడితే కొన్ని వారాల్లో కోతల దగ్గర చిన్నమొక్కలు లేస్తాయి.

నీళ్లు పొద్దున్నే, మట్టికే పొయ్యండి. ఆకులమీద తెల్లపొడి కనిపిస్తే ఆ ఆకులు తుంచేసి కుండీలు ఎడంగా జరపండి.

ఇంట్లో రాజపాళయం కుక్కపిల్ల ఉంటే కుండీ ఎత్తున పెట్టాలి. ఈ మొక్కలో, ముఖ్యంగా దుంపలో, నోరు మండించే ఆక్సలేట్లు ఉంటాయి.

ఒకే మొక్కకు మగపూలు, ఆడపూలు రెండూ పూస్తాయి. పువ్వు వెనక మూడు రెక్కల కాయ ఉంటే అది ఆడపువ్వు. మన పడమటి కనుమల్లోనూ వాగుల ఒడ్డున అడవి బిగోనియాలున్నాయి. అక్కడినుంచి పెరికి తేవద్దు. 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యం. పక్కింటివాళ్లను ఒక కొమ్మ అడగడమే సులువు.