వంటమనిషి చేతులు

హోటలు నడిపేవారు మన దేశంలో పాటించవలసిన నిబంధనలలో ఒకటి చాలామంది దృష్టికి రాదు. వంట చేసేవారిని, ఆహారాన్ని ముట్టుకొనే పనివారిని ఏడాదికొకసారి వైద్యునిచేత పరీక్ష చేయించాలి. టైఫాయిడ్ వర్గానికి చెందిన జ్వరాలు రాకుండా టీకాలు వేయించాలి. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం క్రింద 2011లో చేసిన నియమాలలో ఇది వున్నది. బియ్యంలో మట్టిబెడ్డలూ నూనెలో కల్తీ చూడవలసిన అధికారికి వంటమనిషి ఆరోగ్యంతో ఏమి పని అని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. నిజానికి పూర్వం అటువంటి పని లేనే లేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఆహార తనిఖీ అంటే కల్తీని పట్టుకోవడమే. లండను నగరంలో ఆర్థర్ హిల్ హస్సాల్ అనే వైద్యుడు 1851 నుండి 1854 వరకు అంగళ్ళలో సరుకులు కొనితెచ్చి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. కాఫీపొడిలో చికోరీ వేరు పొడి కలిసివుంటే ఆ వేరు కణాలు అద్దం క్రింద దొరికిపోయేవి. ఫలితాలను అమ్మినవారి పేర్లతో సహా 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. దానితో మొదలైన ఆందోళన ఫలితంగానే 1875లో బ్రిటనులో ఆహార, ఔషధ విక్రయ చట్టం స్థిరపడింది. ఆంధ్ర జిల్లాలు కూడా చేరివున్న మద్రాసు రాజధానిలో 1918లో వచ్చిన కల్తీ నిరోధక చట్టం ఈ మార్గంలోనిదే. సరుకు మంచిదైతే తిండి మంచిదే అన్నది ఈ తనిఖీలన్నిటికీ ఆధారమైన నమ్మకం. ఆ నమ్మకం ఎంత అసంపూర్ణమో అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూపించింది.

1906 వేసవిలో న్యూయార్కుకు సమీపాన ఆయిస్టర్ బే అనే ఊరిలో ఒక బ్యాంకు యజమాని ఇల్లు అద్దెకు తీసుకొని కుటుంబంతో విడిది చేశాడు. ఆగస్టు చివరలో ఆ ఇంట్లోని 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ సోకింది. చుట్టుపక్కల మరెవ్వరికీ జ్వరం లేదు. ఇంటి స్వంతదారుకు దిగులు పట్టుకుంది. జ్వరాల కొంప అని పేరుపడితే మళ్ళీ అద్దెకెవరు వస్తారు? జార్జి సోపర్ అనే పారిశుద్ధ్య ఇంజనీరుకు విచారణ అప్పగించారు.

టైఫాయిడ్ క్రిమిని 1880లో ఎబర్త్ కనుగొన్నాడు. అది రోగి మలం ద్వారా వెలువడి, నీటిలోను పాలలోను చేరి, ఇతరుల నోటికి వస్తుందని అప్పటికే తెలుసు. అందుచేత బావినీరు, మురుగు, పాలు, ఆ తీరాన దొరికే ఆల్చిప్పలు అన్నిటినీ పరిశీలించారు. ఏదీ దోషి కాలేదు. చివరకు సోపర్ దృష్టి మనుషులమీదికి మళ్ళింది. జ్వరాలు మొదలవడానికి సుమారు మూడు వారాల ముందు ఆ ఇంట్లో కొత్త వంటమనిషి చేరింది. క్రిమి లోపల ప్రవేశించిన తరువాత జ్వరం పైకి రావడానికి ఇంచుమించు అంతకాలం పట్టవచ్చు. ఆమె పేరు మేరీ మాలన్. ఐర్లండునుండి వలస వచ్చిన మనిషి. ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్ళ జాబితా తయారుచేయగా ఏడు కుటుంబాలలో 22 మందికి టైఫాయిడ్ వచ్చినట్లు తేలింది.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. వంట వేడికి క్రిములు చావవా? చస్తాయి. ఉడికిన కూరద్వారా రోగం రావడం కష్టం. అయితే మేరీ ఐస్ క్రీములో పచ్చి పీచ్ పండ్లు కోసి కలిపేది. అది అందరికీ ఇష్టం. పొయ్యి ముఖం చూడని ఆ వంటకమే క్రిములను మోసిందని సోపర్ అభిప్రాయపడ్డాడు. మన ఇళ్ళలో పెరుగుపచ్చడికీ, కోసిన దోసకాయ ముక్కలకూ ఇదే వర్తిస్తుంది.

మేరీకి తెలిసినంతవరకు తనకు ఎన్నడూ టైఫాయిడ్ రాలేదు. ఎవరో అపరిచితుడు వచ్చి, నీవల్ల జనం జబ్బుపడుతున్నారు, నీ మలమూత్రాలు పరీక్షకు ఇవ్వమంటే ఏ వంటమనిషి ఊరుకుంటుంది? మాంసం కోసేటప్పుడు వాడే పెద్ద ఫోర్కు తీసుకొని ఆయనను తరిమివేసింది. 1907 మార్చిలో డాక్టర్ జోసెఫిన్ బేకర్ పోలీసులతో వెళ్ళి బలవంతంగా ఆసుపత్రికి తరలించింది. పరీక్షలో క్రిములు కనబడ్డాయి. రోగి కోలుకున్న తరువాత కూడా కొందరి పిత్తాశయంలో ఈ క్రిములు స్థిరపడి, ఏ బాధా కలిగించకుండా ఏళ్ళ తరబడి మలంతో వెలువడుతూ వుంటాయి. జర్మనీలో కోఖ్ 1902లోనే ఇటువంటి రోగవాహకులను గూర్చి హెచ్చరించాడు.

నార్త్ బ్రదర్ అనే చిన్న దీవిలో మేరీని నిర్బంధించారు. ఆమె స్వయంగా వేరొక ప్రయోగశాలకు పంపుకున్న నమూనాలలో క్రిములు లేవని జవాబు వచ్చింది. ఆ కాగితాలతో 1909లో న్యాయస్థానానికి ఎక్కింది, గెలవలేదు. మళ్ళీ వంటపని చేయనని మాట ఇచ్చినమీదట 1910లో వదిలిపెట్టారు. కాని బట్టలుతికితే వచ్చే కూలి వంటపని జీతానికి సాటిరాదు. 1915లో న్యూయార్కులోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ సోకి ఇద్దరు మరణించినప్పుడు విచారిస్తే, అక్కడి వంటశాలలో మారుపేరుతో పనిచేస్తున్నది మేరీయే! అదే దీవికి తిరిగి పంపారు. 1938లో మరణించేవరకు అక్కడే వున్నది.

మాట తప్పి బాలింతలున్న ఆసుపత్రిలో వంటకు చేరడం క్షమించడానికి కష్టమైన పని. అయితే ఆమె మరణించేనాటికి న్యూయార్కు అధికారులు గుర్తించిన ఆరోగ్యవంతులైన వాహకులు 400 మందికి పైగా వున్నారు. వారిలో మరెవ్వరినీ అంతకాలం బంధించలేదు. ఒంటరి స్త్రీ, వలస వచ్చినది, పేదరాలు, పైగా నోటిదురుసు గలది కావడం ఆమెకు చేటు తెచ్చిందనే చెప్పాలి. బ్రతుకుతెరువు మానమన్న ప్రభుత్వం సరిసమానమైన మరొక తెరువు చూపలేదు. టైఫాయిడ్‌ను నయంచేసే క్లోరాంఫెనికాల్ 1948లో గాని వాడుకలోకి రాలేదు. పిత్తాశయం కోసి తీసివేస్తామంటే ఆమె అంగీకరించలేదు. ఆనాటి శస్త్రచికిత్సలోని ప్రమాదం తలచుకుంటే ఆ భయం అర్థంలేనిది కాదు.

ఈ కథ తరువాత తనిఖీ అధికారి చూపు సరుకులమీదినుండి వంటవారిమీదికి కూడా మళ్ళింది. అనేక దేశాలలో వైద్యపరీక్ష పత్రాలు వచ్చాయి. అవి ఎంతవరకు ఉపకరిస్తాయి? 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల నివేదిక ఈ పరీక్షలకయ్యే ఖర్చుకు తగిన ఫలితం లేదని అభిప్రాయపడింది. విరేచనాలు, జ్వరం కలిగినవారు వెంటనే చెప్పి వంటకు దూరంగా వుండటం, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం అంతకన్న పనికివస్తాయి. పని మానితే ఆ రోజు కూలి పోతుందని తెలిసిన మనిషి తన జబ్బును చెప్పుకుంటాడా అన్నది వేరే ప్రశ్న. అది మేరీ నాటినుండీ వున్నదే. మన 2011 నియమాలలో వైద్యపరీక్షతోపాటు సబ్బు, నీరు, చేతులు కడుగుకొనే చోటు కూడా వుండాలన్నారు. గోడకు పత్రం వున్నదీ లేనిదీ చూడడం సులభం. ఆ కుళాయిలో మధ్యాహ్నం పూట నీళ్ళు వస్తున్నదీ లేనిదీ చూడటానికి మాత్రం వంటయింటిలోకి వెళ్ళాలి.

క్రిములు ప్రతిదినం వెలువడవు. అందుకే ఒక్కసారి చేసిన పరీక్ష తప్పుదారి పట్టించగలదు. దీవిలో వుండగా మేరీ మలం 163 సార్లు పరీక్షిస్తే 120 సార్లు మాత్రమే క్రిములు కనబడ్డాయి. మిగిలిన 43 రోజులలో ఏ ఒక్కనాడు పరీక్ష జరిగినా, ఆమెకు ఏ దోషమూ లేదని పత్రం వ్రాసి వంటయింటికి పంపేవారే.