ఇమ్లీ పులుపు, టీబీ గోళీ

మా ఎల్దుర్తిలో ఇమ్లీ లేని ఇల్లుండదు. ఖట్టీ దాల్‌కైనా, పచ్చిపులుసుకైనా అదే కావాలి. ఆ పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. దాని కిస్సా టీబీ గోళీ దాకా పోతది.

1848లో పారిస్‌లో లూయీ పాశ్చర్ అనే 25 ఏళ్ల నౌజవాన్‌కు ఒక సవాల్ ఎదురైంది. అంగూర్ సారా పీపాల నుంచి వచ్చే ఆమ్లాలు రెండు. ఫార్ములా ఒక్కటే. కానీ, ఒకే దిక్కు కంపించే వెలుగును ఒకటి కుడికి తిప్పుతది, రెండోది అసలే తిప్పదు. ఎందుకు? తిప్పనిదాని లవణాన్ని స్ఫటికాలు కట్టించి భూతద్దంతో చూసిండు. రెండు రకాలున్నయ్. ఒకటి ఇంకోదానికి ఆయినాలో కనిపించే అక్స్, మన రెండు చేతుల లెక్క. చిమ్టాతో ఏరి రెండు కుప్పలు చేసి, విడివిడిగా కరిగిస్తే ఒకటి కుడికి, ఇంకోటి ఎడమకు తిప్పింది. కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకున్నయ్, అంతే. ఇమ్లీలో ఉండేది కుడికి తిప్పే రకం.

ఇదంతా ఫ్రాన్సోళ్ల తమాషా అనుకోవద్దు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో ఇంతెకాల్ అయ్యేదాకా అమెరికాలోని లెడర్లే లాబొరేటరీలో పరిశోధనలు నడిపించిండు. 1961లో అదే లాబొరేటరీ ఇథాంబ్యుటాల్ అనే టీబీ దవా కనిపెట్టింది. దానికీ చేతులున్నయ్. కుడికి తిప్పే రూపమే టీబీ క్రిమిని ఆపుతది, దాని అక్స్ దాదాపు బేకార్. ఈ దవా మోతాదు ఎక్కువైతే కంటి నరం మీద అసర్ పడ్తది. అందుకే పనికొచ్చే రూపాన్నే ఇయ్యాలె.

ఫ్యాక్టరీ సరుకును చిమ్టాతో ఏరలేం గదా! ఈ దవా ముడిసరుకు అమైనోబ్యుటనాల్‌లో రెండు రూపాలూ కలిసే ఉంటయ్. దానికి ఇమ్లీలో ఉండే రకం టార్టారిక్ ఆమ్లమే కలుపుతరు. ముసాఫాకు కుడిచేతికి కుడిచెయ్యి కుదిరినట్టు ఎడమచెయ్యి కుదరదు. అట్లనే పుట్టిన రెండు లవణాల్లో ఒకటి ముందు గడ్డకడ్తది, రెండోది ద్రావణంలోనే ఉంటది. వడగట్టి వేరు చేస్తరు. ఇట్ల జోడీ కలిపి విడదీసే తరీఖా కూడా పాశ్చర్‌దే, 1853 నాటిది.

మా ఖాందాన్‌ల టీబీ వచ్చిన చాచాకు ప్లేటు, గ్లాసు వేరు చేసిన రోజులు నాకింకా యాదున్నయ్. టీబీ గాలితోని వస్తది, గిన్నెలతోని కాదు. వేరు చెయ్యాల్సింది దవాలోని రెండు రూపాలను, ఇంట్ల మనిషిని కాదు. ఇథాంబ్యుటాల్ వాడే మీవాళ్లెవరికైనా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, చూపు మసకైనా ఆ రోజే డాక్టర్ సాబ్‌కు చెప్పుండ్రి.